వానపాముల దొంగ హాజరు

నాలుగేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. చేసిన పని చెబుతాను, వినండి.

శంషాబాద్ విమానాశ్రయం దారిలో ఒక కొత్త కాలనీ పార్కుకు మన్ను తయారుచేయించే సూపర్‌వైజర్‌ని నేను. కూల్చిన ఇళ్ల శిథిలాలను పొడి చేసి, పేడా ఎండుటాకులూ కలిపి, ఓపికగా తడుపుతూ మాగబెడితే అది చెట్లు పెరిగే మన్నవుతుంది. అవుతుంది, నా కళ్లతో చూశాను. తెలియక తప్పు చేసినవాణ్ని కాదు నేను.

ప్రారంభోత్సవానికి పైవాళ్లు తొందరపెట్టారు. మూడు నెలలకే ఆ కుప్పలను పార్కులో పోయించి, పైన బెత్తెడు ఎర్రమట్టి కప్పించాను. తోటమాలి యాదమ్మ రావిర్యాలలో సేద్యం చేసిన మనిషి. పిడికెడు తీసి నలిపి చూసింది. "సున్నం ఇంక చల్లారలే సారూ. రెండు వానకాలాలు పోవాలె. గిట్ల తొందరపడితె మొక్క బతకది" అంది. ఆమె చెబితే నేను వినేదేమిటనుకున్నాను. ఎంత పొగరు!

తనిఖీ రోజు పొద్దున ఇంకో ఘనకార్యం చేశాను. మన్నులో ప్రాణం ఉందని చూపించాలి కదా! రెండు బకెట్ల వానపాములు తెప్పించి ఒక మూల చల్లించాను. వచ్చిన పెద్దలు సరిగ్గా అక్కడే తవ్వి, ఫోటోలు తీసుకుని, నా భుజం తట్టారు. ఒక్కరైనా గజం అవతల తవ్వి చూస్తేనా? వాళ్లకు కావలసింది ఫోటోయే. మధ్యాహ్నానికి వానపాములన్నీ సిమెంటు బాట మీదికి పాకి ఎండిపోయాయి. యాదమ్మ వాటిని ఊడుస్తూ ఆగింది.

"ఏంది సారూ, ఎర్రలకు గూడ దొంగ హాజరేనా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఎండాకాలానికి మొక్కలన్నీ మాడిపోయాయి. కారణం రాసివ్వమన్నారు. 'తోటమాలి వేళకు నీళ్లు పోయలేదు' అని రాశాను. ఆమెను తీసేశారు. ఆ మచ్చతో చుట్టుపక్కల ఏ పార్కులోనూ ఆమెకు పని దొరకలేదు. ఉద్యోగం కాపాడుకోవడానికే రాశానని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. అంతేనా? ఆమె నవ్వినందుకు కాదూ?

రెండు వానకాలాలు గడిచాక మళ్లీ నాటాం. ఇప్పుడు పార్కంతా పచ్చగా ఉంది. ఎవరూ చల్లకుండానే వానపాములు వచ్చాయి. కాలనీవాళ్లు నన్ను మెచ్చుకుంటుంటే సిగ్గులేకుండా తలూపుతున్నాను.

నన్ను ఎవరూ క్షమించనక్కర్లేదు. ఆ రాసింది అబద్ధం. యాదమ్మ నీళ్లు పోసింది. రోజూ రెండు పూటలా పోసింది. నేను చూశాను.