జాకీ ఆగిన గడప

మా కోడలు పెంచే కుక్క నడుస్తుంటే గోళ్ళు టైల్స్ మీద టకటకమంటాయి. వంటింటి గుమ్మం దగ్గరకు రాగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. వంటింట్లోకి రాకూడదని ట్రైనర్‌ను పెట్టి మరీ నేర్పించారు. మంచిదే. హాల్లో సోఫా దానిదే, ఏసీ గదిలో పడకా దానిదే. ఇంట్లో పనిచేసే లక్ష్మి మాత్రం వెనక బాల్కనీలో నిలబడి, విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగుతుంది. ఖమ్మంలో కొడుకు ఇంటికి వచ్చినప్పటి నుంచి, ఆ గోళ్ళ చప్పుడు ఆగినప్పుడల్లా నాకు సరోజనమ్మక్క గుర్తొస్తోంది. ఒళ్ళు మండిపోతోంది కూడా.

ఎనభైల్లో నేను నర్సు ఉద్యోగంలో చేరగానే టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఓ ఊరికి వేశారు. అక్కడ నా పైన సీనియర్ నర్సు సరోజనమ్మ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మేడమ్ అంటే విసుక్కునేది, అక్కా అంటేనే పలికేది. ఊళ్ళో ఆస్పత్రి కట్టడమేమీ లేదు. మేమిద్దరం కిరాయికున్న ఇంట్లో వెనక గదే కాన్పుల గది. ఇంటాయన కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ రైతు. ఇంటికి కాపలా ఉంటుందని తన కుక్క జాకీని కూడా మా దగ్గరే వదిలాడు. నేను చేరిన రోజే వచ్చి రెండు సంగతులు చెప్పాడు.

"జాకీని ఎక్కడా ఆపకండమ్మా, ఇల్లంతా తిరగడం దానికి అలవాటు. గూడెం వాళ్ళని మాత్రం వసారా దాటి లోపలికి రానివ్వద్దు."

రెండూ ఒకే ఊపిరిలో, నవ్వుతూ చెప్పాడు. అడవిలోని కోయగూడేల నుంచి కాన్పుకొచ్చే ఆడవాళ్ళ కోసమే మమ్మల్ని అక్కడ వేశారని ఆయనకు తెలియక కాదు. ఇన్నేళ్ళయినా ఆ నవ్వును నేను క్షమించలేదు.

ఆయన గేటు దాటాడో లేదో, అక్క జొన్నరొట్టె ముక్కలు కొంగున కట్టుకుని కాన్పుల గది గడప దగ్గర కూర్చుంది. జాకీ బయటే ఆగితే ఓ ముక్క పెట్టేది. లోపల కాలు పెడితే కొట్టేది కాదు, అరిచేది కాదు. లేచి, మెడ పట్టుకుని మళ్ళీ బయట వదిలి వచ్చి కూర్చునేది. పొద్దునా సాయంత్రం అదే పని. వంటింటి గడప దగ్గరా అదే పాఠం. కుక్క నేర్చుకుంటోంది. నాకు మాత్రం భయంగానే ఉండేది.

"దీనికి నేర్పుతున్నావు సరే అక్కా, ఇంటాయనకు ఎవరు నేర్పుతారు?" అని అడిగాను ఓరోజు.

"కుక్కకు నేర్పేటప్పుడు ఇంట్లో అందరు ఒక్క మాట మీద ఉండాలె. ఒక్కరు లోపల ముద్ద పెట్టినా ఇగ అది ఆగదు. మనుషుల సంగతి గూడ గంతే. ఆయన వచ్చిన్నాడు నువ్వు తల వంచుకొని ఊకుంటే, నేనొక్కదాన్ని ఏం జెయ్యాలె?" అంది.

ఆ రోజు వానాకాలంలో వచ్చింది. గూడెం నుంచి ముత్తమ్మను మంచం మీద మోసుకొచ్చారు. మొదటి బిడ్డ గుడిసెలోనే పుట్టి గుడిసెలోనే పోయింది. ఈ బిడ్డయినా దక్కాలని ఆమె మొగుడు దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చాడట. వాగు పొంగింది, పెద్ద దవాఖానాకు దారి లేదు. అక్క ఆమెను నేరుగా వెనక గదిలో పడుకోబెట్టింది. కబురెవరు చేరవేశారో, ఇంటాయన బురద చెప్పులతోనే లోపలికొచ్చాడు. గడప బయట జాకీ కూర్చుని ఉంది. "జాకీ, రారా" అంటూ గదిలోకి అడుగు వేయబోయాడు. జాకీ కదల్లేదు, అక్క వైపు చూసింది. ఆయన ముఖం కందగడ్డయింది.

"నా ఇంట్లో నా కుక్కకే అడ్డు పెట్టారా? గూడెం వాళ్ళకి లేని అడ్డు నా కుక్కకా?"

అక్క చేతులు కడుక్కుంటూనే తలెత్తింది. "అవ్. అది కుక్క, ఈమె మనిషి. ఏంది, గిది గూడ జెప్పాల్నా? మీరు గూడ ఆడనే ఉండుండ్రి."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు మా కోస్తా పక్కనే ఉన్న మధిర పిల్లవి కదమ్మా, పద్ధతి తెలిసినదానివి. నువ్వైనా చెప్పు. వసారాలో పడుకోబెట్టండి."

వసారాలోకి వాన జల్లు కొడుతోంది. లోపల ముత్తమ్మ మూలుగుతోంది, ఇంటాయన మాట విని మూలుగు కూడా నొక్కిపట్టుకుంది. "అక్క చెప్పిందే నా మాట" అని తలుపు మూసేశాను. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. కేరుమన్న ఏడుపు విని బయట జాకీ తోక నేలకేసి కొట్టిన చప్పుడు నాకు వినిపించింది.

నెల తిరక్కుండానే ఇంటాయన మా చేత ఇల్లు ఖాళీ చేయించాడు. ఊళ్ళో ఇంకెవరూ ఇల్లివ్వలేదు. వాళ్ళందరి కూతుళ్ళకూ కోడళ్ళకూ కాన్పులు చేసింది అక్క చేతులే. "పాపం, మంచి మనిషే గానీ మొండిది" అన్నారు. ఎవరిదయ్యా మొండితనం? చివరికి ముత్తమ్మ గూడెం వాళ్ళే వెదురు తడికలతో రెండు గదులు వేసిచ్చారు. అక్క రిటైరయ్యేదాకా అక్కడే కాన్పులు చేసింది. ఆ ఇంటిని మళ్ళీ తలుచుకోనైనా లేదు. ఆ కోపం నాకే మిగిలింది.

ఈ ఉదయం లక్ష్మి టీ గ్లాసుతో బాల్కనీలోకి పోబోతుంటే చెయ్యి పట్టుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. ఎవరైనా అరిస్తే లేచిపోవడానికి వీలుగా అంచున కూర్చుంది. కోడలు నా దగ్గరికొచ్చి, "అత్తయ్యా, ఇలాంటివి అలవాటు చేయకండి" అంది మెల్లగా.

"చేస్తాను. రేపూ ఇక్కడే కూర్చుంటుంది, ఎల్లుండీ ఇక్కడే," అన్నాను, లక్ష్మికి కూడా వినపడేలా. "నీకు అలవాటయ్యేదాకా."