మేస్త్రి నాగవేణి నంబరు

నాగవేణి కంటే ఆమె ఫోన్ నంబరే ఎక్కువ ఊళ్లలో ఉంది. గుంటూరు వైపు మిరప రైతుల కొట్టాల గోడల మీద బొగ్గుతో 'మేస్త్రి నాగవేణి' అని రాసి, కింద పది అంకెలు ఉంటాయి. రాసింది ఆమె మొగుడు సుంకన్న. పనికి పోయిన చోటల్లా ఒక ఖాళీ గోడ చూసుకుని రాసి వచ్చేవాడు. మిరప పండగానే ఎవరో ఒక రైతు ఆ నంబరుకు ఫోన్ చేస్తాడు, ఆస్పరి దారిలోని మా ఊరి నుంచి నాగవేణి వెంట నలభై మంది కూలీలు లారీ ఎక్కి సుగ్గికి పోతారు. పని కోసం అలా వలస పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. ఏ రైతు చేస్తాడో ముందుగా తెలియదు. ఫోన్ కలవకపోతే ఆయన ఇంకో గోడ మీది నంబరుకు చేసుకుంటాడు.

ఈ ఏడు సరిగ్గా ఆ వేళకే ఆమె కంపెనీ సిగ్నల్ మా ఊళ్లో పడిపోయింది. ఒకే ఒక్క గీత మిగిలింది, అదీ గిడ్డయ్య దొడ్లో నిలబడితేనే. అక్కడ కూడా ఎద్దు తోక ఆడిస్తే గీత పోయేది, తోక దించితే వచ్చేది. రెండు రోజులు ఆ తోక నేనే పట్టుకుని నిలబడ్డాను. నమ్మనివాళ్లు ఎద్దునే అడగవచ్చు.

ఆదోనిలో ఫోన్ల దుకాణం పెట్టుకున్న బజారి ఉపాయం చెప్పాడు.

"నంబరు అదే ఉంటాదక్కా, కంపెనీ ఒగటే మారుతాది. మూడు దినాలు ఓర్సుకో. పాతది సచ్చిపోతానే ఈ కొత్త సిమ్ము ఎయ్యి."

యంత్రం వేలిముద్ర అడిగింది. ఇరవై ఏళ్లుగా మిరపకాయలు తెంపుతున్న వేళ్లకు గీతలెక్కడివి? తొమ్మిది వేళ్లయ్యాయి. "తలకాయకు రుద్దుకోక్కా, నూనె అంటుతాది" అన్నాడు బజారి. రుద్దగా రుద్దగా ఎడమచేతి చిటికెనవేలు ఒప్పుకుంది.

మూడో రోజు పాత సిమ్ము చచ్చింది. కొత్తది వేసింది. అదీ పలకలేదు. 'సిమ్ము లేదు' అని తెర మీద ఇంగ్లీషులో వస్తే చదివి చెప్పింది నేనే. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు ఇన్నేళ్లకు ఊరికి ఇలా పనికొస్తోంది.

"లోపలే ఉండాది కద తాతా? లేదంటాదేమి?" అని నన్ను నిలదీసింది నాగవేణి.

నా ఫోన్ నుంచి కొత్త కంపెనీకి చేశాను. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, పాట వినిపించారు. చివరికి ఒక అమ్మాయి పలికింది.

"మీ సమస్య ఏ నంబరుకు ఉందో దయచేసి ఆ నంబరు నుంచి కాల్ చేయండి సార్."

"ఆ నంబరు పలకడం లేదనే కదమ్మా చేస్తున్నది."

"అర్థమైంది సార్. ఆ నంబరు నుంచే చేయండి."

పక్కనే వింటున్న నాగవేణికి ఒళ్లు మండింది. "బాయిలో పడినాయప్ప పైకొచ్చి తాడు అడగల్లనా?"

ఆదోనికి పోతే బజారి దుకాణం మూసి ఉంది. బంధువుల పెళ్లికి హొళగుంద పోయాడట. పాత కంపెనీ వాళ్ల దగ్గరికి పోతే, తిరిగి రావాలంటే తొంభై రోజులు ఆగాలన్నారు.

"తొంభై దినాలకు మిరప సెట్లు కూడా పీకేస్తారు సారూ!" అంది నాగవేణి. ఆయన రూలు చూపించాడు.

ముందుకు పోనివ్వరు, వెనక్కి రానివ్వరు. ఆమె పలకని ఫోన్‌ను స్నానానికి కూడా పట్టుకుపోయేది. పొద్దు వాలగానే కూలీలు వచ్చి ఆమె అరుగు మీద కూర్చునేవాళ్లు. "వచ్చినాదా మేస్త్రీ ఫోను?" అని అడిగేది జ్యోతి, చంకలో పసిబిడ్డతో. "మనకంటే ముందు నంబరే సుగ్గికి పోయినట్టుంది" అనేవాడు దేవేంద్రప్ప. ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

ఐదో రోజు ఎమ్మిగనూరులో కొత్త కంపెనీ ఆఫీసుకు పోయాం. అక్కడ అపర్ణ అనే అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీ నంబరు బాగానే ఉందక్కా. రెండు రోజుల కిందటే మాకు వచ్చేసింది" అంది. ఫోన్ తెరిచి సిమ్ము బయటికి లాగింది. పచ్చగా, గట్టిగా ఏదో పట్టి ఉంది. మధ్యలో ఎర్రటి చుక్క.

"ఇదేందక్కా?"

"పసుపు కుంకుమ పాపా. కొత్తది గదా. మారెమ్మ పటం ముందర పెట్టి మూడు పొద్దులూ బొట్టు పెట్టినా. బంగారు రంగుండేదే సిమ్ముకు మొగం అనుకుంటి."

"ఫోన్లో వేసేటప్పుడన్నా తుడిచేది కదా!"

"అమ్మవారి బొట్టు తుడుస్తారా ఎవురన్నా?"

అపర్ణ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, తడిగుడ్డతో ఒకటి, పొడిగుడ్డతో ఒకటి తుడిచి వేసింది. నాలుగు గీతలూ లేచాయి. ఎవరెవరు ఫోన్ చేశారో మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. నాలుగు నంబర్లు, అన్నీ గుంటూరు వైపువే.

మొదటి రైతు "ఎన్నిసార్లు చేశానమ్మా! స్విచాఫ్ అంటోంది. వేరేవాళ్లను పిలిచేశాను" అన్నాడు. రెండో ఆయనా, మూడో ఆయనా అదే మాట. నాలుగో ఆయన మాత్రం, "సగం మంది దొరికారమ్మా. ఇంకో ఇరవై మంది చాలు. రేపు పొద్దున్నే బండి వస్తుంది" అన్నాడు.

"మేము నలభై మందిమప్పా..."

"ఇరవయ్యేనమ్మా. వస్తారా, వేరేవాళ్లకు చెప్పుకోనా?"

"వస్తామప్పా" అంది నాగవేణి.

తిరుగు బస్సులో ఆమె పేర్లు అనుకుంటూ వేళ్లు మడిచింది, మళ్లీ విప్పింది. "జ్యోతిది సంటిబిడ్డ. వద్దంటే యాడ బతుకుతాది? దేవేంద్రప్పకు పెండ్లాము లేదు, ఇద్దరు ముసలోళ్లు. ఎవుర్ని వద్దనల్ల తాతా?"

దేనికైనా ఒక కథ అల్లే నోరు నాది. అప్పుడు మాత్రం ఆమె మడిచిన వేళ్లు లెక్కపెట్టాను.

ఒళ్లోని ఫోన్ మోగింది. తెర మీద జ్యోతి పేరు. మోగి ఆగింది, మళ్లీ మోగింది. నాగవేణి దాని మీద చెయ్యి పెట్టి, కిటికీలోంచి కోసేసిన జొన్నచేలను చూస్తూ కూర్చుంది.