కుర్చీ కింద గౌరవం

మా ముత్తాత రాఘవరావు గారు సంస్థానంలో శిస్తు పెత్తనం చేశారు. ఆయన వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. మా తాత శేషగిరిరావు గారి కాలానికి లేచేవాళ్లు సగమయ్యారు. మా నాన్నగారికి ఉత్త నమస్కారాలు మిగిలాయి. నా వంతు వచ్చేసరికి అవి కూడా పోయి ఒక కుర్చీ మిగిలింది. ఆ కుర్చీ నా ప్రాణం తీయబోయి, నా కంపెనీ ప్రాణంతో సరిపెట్టుకుంది. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడ కూర్చోవాలన్నా ఒకసారి వంగి చూసుకునే అలవాటు పోలేదు.

సెల్‌ఫోన్లు ఇంకా కొందరి చేతుల్లోనే ఉన్న రోజులవి. వనపర్తిలో ఒక అద్దె మేడ మీద కంప్యూటర్ కంపెనీ పెట్టాను. ఆస్పత్రుల పాత కాగితాలను కంప్యూటర్లలోకి ఎక్కించడం మా పని. మా తాతలు నేతులు తాగారన్నది నిజం. మూతి వాసన చూడమని నేనెవరినీ అడగలేదు. అందరికీ కాస్త దగ్గరగా నిలబడేవాణ్ని, అంతే.

టైపు పని చూసుకునే అమ్మాయి షబానా. యంత్రాలు చూసుకునేవాడు నర్సిములు. వాళ్ల కోసం గోడకు నా చేత్తో రాసిన బోర్డు ఒకటి తగిలించాను: ‘అడిగితేనే మాట్లాడాలి.’ ఒకరోజు పొద్దున్నే నర్సిములు “సార్, జనరేటర్ల డీజిల్ అయిపోయింది” అన్నాడు. “పొద్దున్నే అపశకునపు మాటలా?” అని సాయంత్రం దాకా నిలబెట్టాను. ఆ తర్వాత నాకు ఒక్క చెడు వార్త కూడా రాలేదు. కంపెనీ బ్రహ్మాండంగా నడుస్తోందని అర్థం చేసుకున్నాను.

ఆ మధ్య హైదరాబాద్‌లో కొత్త కంపెనీల యజమానులకు ఒక తరగతి పెడితే వెళ్లాను. టై కట్టుకున్నాయన ఒకడు, “ఎదుటివాడు నోరు తెరవకముందే ముఖం చదివేవాడే నాయకుడు. దాన్నే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటారు” అన్నాడు. నవ్వొచ్చింది. ముఖం చూసి ఎవరింట్లో ఎన్ని బస్తాలు దాచారో చెప్పేసిన వంశం మాది! మాకా పాఠం?

ఇంతలో హైదరాబాద్ నుంచి వసుధగారు అనే ఆవిడ మా పని చూడటానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. ఒక పెద్ద ఆస్పత్రి కాగితాలన్నీ ఆవిడ చేతిలో ఉన్నాయి. ఆవిడ సరేనంటే కంపెనీ నిలుస్తుంది. కాదంటే నెలాఖరుకు తాళమే. నాకు భయం పట్టుకుంది. భయపడ్డప్పుడు మా వంశంలో అందరూ చేసేదే నేనూ చేశాను. దర్పం పెంచాను. కోడేరులోని మా పాత ఇంటి కొట్టుగదిలోంచి తాతగారి కుర్చీని ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే ఆటో ట్రాలీలో తెప్పించాను. ఎత్తయిన వీపు, సింహం తలల చేతులు, కొబ్బరిపీచు కూరిన మఖమల్ పరుపు. అడుగున పరుపు చిరిగి ఉంది. దొరవారు కింద చూడరు కదా, నేనూ చూడలేదు.

వసుధగారు బల్లకు అవతల కూర్చున్నారు. మావాళ్లను పిలిచాను. ఇద్దరూ వచ్చి పక్కనున్న గుమ్మంలోనే ఆగిపోయారు. రక్తం లేని ముఖాలు. చూపులు నా పాదాల మీద. పాఠం గుర్తు చేసుకుని ఆ ముఖాలు చదవడం మొదలుపెట్టాను.

“చూశారా మేడం, మావాళ్ల వినయం? చూపు నా పాదాలు దాటి పైకి లేవదు.”

షబానా చెయ్యి కొంచెం ఎత్తింది. “సార్...”

“నేను అడిగానా?”

“లేదు సార్.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కృతజ్ఞత అని చదివాను. నర్సిములు నుదుటి మీద చెమట. కష్టపడే గుణం!

“నర్సిములూ, ఇలా దగ్గరకు రా.”

“ఒద్దు సార్, నేనీడనే ఉంట. మీరే జర కాళ్లు పైకి వెట్టుకోండ్రి.”

“మేడం ఎదుట కాళ్లు పైకి పెట్టుకోవాలా? మా వంశంలో అలాంటి సంస్కారం లేదు.”

“సంస్కారం ముచ్చట గాదు సార్...”

“అడిగానా?”

నర్సిములు ఒక అడుగు వెనక్కి వేశాడు.

వసుధగారు వాళ్ల వైపే చూస్తూ, “రావుగారూ, వీళ్లు దేన్నో చూసి భయపడుతున్నారు” అన్నారు.

“నన్ను చూసే మేడం” అన్నాను సగర్వంగా.

సరిగ్గా అప్పుడు నా ఎడమ మడమకు చల్లగా తగిలింది. ఫ్యాన్ గాలి అనుకుని పైకి చూశాను. ఫ్యాన్ తిరగడం లేదు. చల్లదనం మాత్రం కదులుతోంది. టై కట్టుకున్నాయన చెప్పిన ప్రజ్ఞ అంతా మడమ దగ్గర మొదలై ఒక్కసారిగా నెత్తికెక్కింది.

“షబానా... కింద ఏముందమ్మా?”

“ఇప్పుడు చెప్పొచ్చా సార్?”

“చెప్పు తల్లీ!”

“పాము సార్. మీ కుర్చీ పరుపులకెళ్లి దిగుతుంది. తోక ఇంకా మీ కిందనే ఉంది.”

అంతవరకు పుస్తకంలా మాట్లాడిన నేను “ఓరి నాయనో, సచ్చిపోత! జర పట్టుండ్రిరా!” అంటూ ఎలా ఎక్కానో తెలియదు, బల్ల మీద ఉన్నాను. వసుధగారి కాఫీ నా చొక్కా మీద ఉంది. నర్సిములు చీపురుతో వచ్చేసరికి పాము పూర్తిగా దిగింది. చూస్తే జెర్రిపోతు, విషం లేనిది. ఎవరినీ లెక్కచేయకుండా వరండాలోంచి మెల్లగా వెళ్లిపోయింది. మా ఇంటి నుంచి దర్పంగా నడిచిన ఆఖరి జీవి అదే.

బల్ల మీద నుంచే అరిచాను. “చూసి కూడా చెప్పరా? అది నాగుపామైతే?”

షబానా కళ్లు తుడుచుకుంది. “పాము కాటుకు దవాఖానల మందుంటది సార్. మీ కోపానికి ఏడుంది?”

వసుధగారు లేచి నిలబడ్డారు. ఆవిడ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. “రేపు మా కాగితాల్లో తప్పు దొర్లితే వీళ్లు మీకు చెప్పరు. మీకే తెలియనిది నాకేం చెబుతారు? అక్కడ ఒక రోగికి మందు మారిపోతుంది. క్షమించండి.”

ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయాక గాని నేను బల్ల దిగలేదు.

అందుచేత ముత్తాత రాఘవరావు గారి సాక్షిగా, తడి చొక్కాతోనే ప్రతిజ్ఞ చేశాను. ఇకపై నా ఎదుట ఎవరు వణికినా ముందు కుర్చీ కింద చూస్తాను, ఆ తర్వాత అద్దంలో చూసుకుంటాను. ఎవరైనా “సార్” అంటే, ముహూర్తం చూడకుండా “చెప్పు” అంటాను. బోర్డును కూడా నేనే దించాను.

నెలాఖరుకు తాళం పడింది. కంప్యూటర్లను గద్వాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు అమ్మేశాం. కుర్చీని కల్వకుర్తిలో ఒక ఫొటో స్టూడియో ఆయన కొన్నాడు. పరుపు వద్దన్నాడు.