విమానం మోతలో చెప్పిన జవాబులు

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన తొలి ఏళ్లలో నేను కొత్వాల్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. వెన్నుకు దెబ్బ తగిలి చంకకర్రల మీద నడక మొదలయ్యాక సభలకు పిలిచేవాళ్లు తగ్గారు. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తూనే ఉన్నాను గాని, నన్ను తిట్టడానికైనా ఎవరూ తలుపు తట్టేవారు కాదు. వాదనకు అలవాటుపడ్డ మనిషికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

నెలకొకసారి శంషాబాద్‌లోని వికలాంగుల సహాయ కేంద్రానికి వెళ్లేవాణ్ణి. ఒక డాబా ఇంటి ముందుగది, దాని బయట వరండా, వరండాలో పొడవాటి బల్ల. మందుల కంటే ఆ బల్ల కోసమే ఎక్కువగా ఎదురుచూసేవాణ్ణి.

"సారూ, దేవుడు లేడంటవు గదా, మరి నీ కాళ్లెవడు తీసుకపోయిండు?" అనేవాడు పోలియో కాలుతో వచ్చే ఒక కుర్రాడు.

"లారీవాడు," అనేవాణ్ణి. బల్ల బల్లంతా నవ్వేది.

ముందుగది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. గాలికి మూసుకోకుండా విరిగిన చక్రాల కుర్చీ ఒకటి అడ్డం పెట్టేవారు. లోపల కూర్చునే మేడం మంచి మనిషే. ఒక్కొక్కరినీ పిలిచి జబ్బు సంగతులు అడిగి, డాక్టరు చెప్పిన ప్రకారం మందులిచ్చేది. అయితే ఆ ఇంటి మీదుగానే విమానాలు దిగేవి. ఆ మోతలో వినపడాలని ఆమె గొంతు పెంచేది. మోత ఆగినా ఆ గొంతు తగ్గేది కాదు. సిగ్గుపడేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఒక ఉపాయం పట్టారు. విమానం వచ్చేదాకా నసుగుతూ ఆగి, సరిగ్గా ఇంటి మీదికి వచ్చినప్పుడు జవాబు చెప్పేసేవారు. మేడంకు వినపడేది కాదు. విమానం పోయాక "ఏందమ్మా? మళ్ల చెప్పు, గట్టిగ" అనేది. అప్పుడు వరండా అంతా చెవులు రిక్కించేది.

ఒక ఉదయం కేంద్రం తెరవకముందే చేరాను. నాకంటే ముందు వచ్చిన ఒకామె ఇంటి వెనక కుళాయి దగ్గర కొంగు తడుపుకుంటోంది. ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని ఆమెది. చూస్తుండగానే కింద పడి కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను కర్రలు వదిలి నేల మీద కూలబడి, ఆమెను పక్కకు తిప్పి, తల కింద నా సంచి పెట్టాను. తేరుకున్నాక ఆమె ముందుగా తన పిడికిలి విప్పి చూసుకుంది.

"చేతిల తాళాలు పెట్టలేదా సారూ?"

"లేదమ్మా."

"మరెట్ల తగ్గింది?"

"దానంతట అదే తగ్గింది. తాళాలు పెట్టినా అంతే."

నవ్వబోయి ఆగిపోయింది. "ఎవ్వలకు చెప్పకుర్రి సారూ. నాకు చిన్నప్పుడు మూర్ఛుండె, గోలీలతోని పోయిందని పనికాడ చెప్పిన. మళ్ల వచ్చిందని తెలిస్తే ఇగ రావొద్దంటడు మా సూపర్‌వైజరు. వాని తమ్ముడు గీ బల్ల మీదనే కూసుంటడు గదా."

నన్ను ఎగతాళి చేసే కుర్రాడే ఆ తమ్ముడు.

కేంద్రం తెరిచి, బల్ల నిండాక ఆమె వంతు వచ్చింది. "మూర్ఛ మళ్ల ఏమన్న వచ్చిందా?" అని మేడం అరిచింది. ఆమె ఆగింది. నేను కూడా ఆకాశం వైపు చూశాను. ఏ విమానమూ రాలేదు.

"రాలే మేడం."

"శభాష్! అయితే పాత గోలీలే నడుస్తయి."

మోతాదు పెంచాల్సిన మనిషి పాత మందు పట్టుకుని బయటికి వచ్చింది. తర్వాత నన్ను పిలిచారు. తలుపు మూయమని మేడంను అడిగాను.

"అయ్యో సారూ, అందరం ఒక్క ఇంటోళ్లమే గదా, మనల మనకు దాపరికమేంది?"

"ఇంట్లో కూడా గదులకు తలుపులుంటాయి మేడం."

"తలుపేసుకొని మొగోళ్లతోని మాట్లాడితే నన్నేమనుకుంటరు?"

"పక్క కిటికీ తెరవండి. చూసేవాళ్లు అటునుంచి చూస్తారు, వరండాకు మాట వినపడదు."

"సారుకు గదిల ఏసీ గూడ పెట్టుర్రి!" అని వరండాలోంచి కుర్రాడు అరిచాడు. నవ్వులు.

మందు ఇవ్వడానికి నిజం కావాలి, నిజం పలకాలంటే భయం లేని చోటు కావాలి. దీనికి తిరుగులేని సాక్ష్యం నా కళ్ల ముందే బల్ల చివర కూర్చుని ఉంది. సాక్ష్యం చూపకుండా నేను ఎన్నడూ వాదించలేదు. ఆ రోజు మాత్రం ఆ సాక్ష్యాన్ని తాకే హక్కు నాకు లేదు. నా సొంతది ఒకటి ఉంది.

వరండా వైపు తిరిగాను. "మూత్రం ఆగుతోందా అని మేడం నన్ను ప్రతిసారీ అడుగుతారు. ఫరవాలేదు అని చెబుతుంటాను. అది అబద్ధం. ఆగదు. లోపల గుడ్డ కట్టుకుని వచ్చి మీ పక్కన కూర్చుంటున్నాను. మీరు వింటున్నారని నిజం చెప్పలేదు, అందుకే నాకు సరైన మందు అందలేదు. నాలాగా ఇంకెవరూ లేరని మీలో ఎవరైనా చెప్పగలరా?"

మేడం తనే లేచి విరిగిన కుర్చీని పక్కకు జరిపింది.

తర్వాతి నెల వెళ్లేసరికి తలుపు మూసి ఉంది, పక్క కిటికీ తెరిచి ఉంది. నేను బల్ల మీద కూర్చోగానే పక్కనున్న పెద్దాయన కాస్త జరిగాడు. ఆయన పక్కవాడూ జరిగాడు. దేవుడి గురించి కుర్రాడు నన్నేమీ అడగలేదు. ఎయిర్‌పోర్టులో పనిచేసే ఆమె బల్లకు ఆ చివర కూర్చుంది, నా వైపు చూడలేదు. పలకరిస్తే పరిచయం ఎక్కడిదని అడుగుతారు. నాకది అర్థమైంది. అర్థమైనంత మాత్రాన తేలికగా లేదు.

ఆమె లోపలికి వెళ్లింది. తలుపు పడింది. ఒక విమానం వచ్చి పోయింది. ఆ వెనకే ఇంకొకటి. తలుపు తెరుచుకోలేదు. ఆమె ఏం చెబుతోందో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. చివరికి మందుల పొట్లం కొంగులో చుట్టుకుంటూ బయటికి వచ్చింది.

"గంతసేపు ఏమడిగిన్రక్కా?" అన్నాడు కుర్రాడు.

"నీ పెండ్లి ముచ్చటే తమ్మీ. పిల్ల దొరుకుతలేదంట."

వరండా అంతా ఘొల్లున నవ్వింది. ఆమె నవ్వుతూనే, నా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లింది. నా పక్కన బల్ల మీద ఖాళీ అయిన చోట చంకకర్రలు పడుకోబెట్టి, నా వంతు కోసం కూర్చున్నాను.