కాడి అన్న మాట

మా మామ మగ్గం గుంటలోనే ఒక పక్కకు ఒరిగిపోయేనాటికి నేను కాశిబుగ్గలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. డెబ్బైల చివరి సంగతి ఇది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయింది. పెద్ద దవాఖానలో కొన్నాళ్ళు ఉంచుకుని, ఇంతకన్నా చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఇక అప్పటినుంచి ఆయన మంచంలో, నేనూ మా అత్తమ్మా ఆ మంచానికి చెరో పక్కన. మా ఆయనకు మిల్లులో వారం వారం మారే షిఫ్టు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోయేవాడు. నిద్రపోవద్దని ఏ నోటితో అంటాం?

మామది భారీ ఒళ్ళు. ఆయన్ని లేపి కూర్చోబెట్టాలంటే పడిపోయిన కుడి పక్కన అత్తమ్మ, ఎడమ పక్కన నేను చంక కింద భుజం పెట్టేవాళ్ళం. ఆమె "ఆ పక్క పట్టు" అనగానే ఇద్దరం ఒక్కసారే లేవాలి. ఒకరు ముందు, ఒకరు వెనక లేస్తే ఎవరో ఒకరి నడుము పని అయిపోయినట్టే. లేపడం, కడగడం, బట్ట మార్చడం, తినిపించడం, మళ్ళీ పడుకోబెట్టడం. ఈ పనుల మధ్యలోనే ఆమె రాట్నం ముందు కూర్చుని ఎవరెవరి మగ్గాలకో నూలు కండెలు చుట్టి పెట్టేది. నాకు వంట, నీళ్ళు, బట్టలు. అలసిపోయామని మాలో ఎవరమూ అనేవాళ్ళం కాదు. రోజూ ఉన్నదాన్ని కొత్తగా ఏం చెప్పుకుంటాం?

పక్క గల్లీలో ఉండే పాస్టరమ్మ ఒకరోజు వచ్చి మామ కోసం ప్రార్థన చేసి వెళ్ళింది. మామ చెయ్యి లేవలేదు గానీ, అత్తమ్మ మాత్రం ఆదివారాలు ప్రార్థనకు లేచి వెళ్ళడం మొదలుపెట్టింది. గోడ మీద దేవుళ్ళ పటాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటికి దీపం పెట్టడమూ మానలేదు. మా ఆయన కొంచెం గొణిగి ఊరుకున్నాడు. ఏ దేవుడి మీదా పెద్ద ఆశ లేనిదాన్ని నేను. ఆమె అటు పోయినంతసేపూ మామ దగ్గర నేనొక్కదాన్నే ఉండాలి కదా అన్నదే నా కోపం.

ఒక ఆదివారం ఆమె ముఖం వెలిగిపోతూ వచ్చింది. మోతలు మోసి అలసినవాళ్ళందరినీ యేసు తన దగ్గరికి రమ్మన్నాడని, తన కాడి సుళువని చెప్పాడని అక్కడ చదివారట. మా దిక్కు 'నా కాడ' అంటే నా దగ్గర అని. 'నా కాడి పైసలు' అంటే నా దగ్గరున్న పైసలు. ఆమె ఆ మాటను అలాగే విన్నది.

"ఆయన కాడ సుళువుంటదట బిడ్డా. ఆయన కాడికి పోతే జరసేపు కూసోనిస్తడట."

కూర్చోవడం అన్నది అంత పెద్ద వరంలా చెప్పింది ఆమె. ఆ మాట పుస్తకంలో ఎక్కడుందో చూసి తనకు చదివి వినిపించాలని ఆమే పట్టుబట్టింది. ఇంట్లో చదువు వచ్చిన ఆడదాన్ని నేనే కాబట్టి ఆ పనీ నా నెత్తినే పడింది.

పాస్టరమ్మ మత్తయి సువార్తతో పాటు దానికి వ్యాఖ్యానం కూడా ఇచ్చింది. పలచని పుస్తకం, నీలం అట్ట. సువార్తలోని తెలుగు మా ఇద్దరికీ కొరుకుడుపడేది కాదు గానీ, వ్యాఖ్యానం రాసినాయన మాత్రం ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు రాశాడు. ముందు కథ, ఆ తర్వాత దాని అర్థం, చివర ఆలోచించుకోమని రెండు మూడు ప్రశ్నలు. ఆ ప్రశ్నలంటే అత్తమ్మకు భయం. తప్పు చెబితే ప్రార్థనకు రానివ్వరేమో అనుకునేది.

మధ్యాహ్నం మామకు కునుకు పట్టాక చదివేదాన్ని. రాట్నం తిప్పుతూ ఆమె వినేది. మొదట్లోనే తాతలూ ముత్తాతల పేర్లు బారెడు ఉంటే, ఒక్కరికీ ఇంటిపేరు లేదేమని అడిగింది. అడవిపూలు కష్టపడవు, వడకవు అన్నచోట రాట్నం ఆపి నవ్వింది. "వడకకుంటే మా మగ్గాలకు నూలెట్ల?" అన్నది. దానికి వ్యాఖ్యానంలో జవాబు ఉంది. సోమరిగా ఉండమని కాదట, దిగులు పడొద్దనట. ఆ జవాబు ఆమెకు నచ్చింది. "మంచిగ చెప్తాండు పెద్దమనిషి" అని ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నాలు నాకూ కొంచెం హాయిగానే ఉండేవి. కూర్చుని చేసే పని అదొక్కటే మరి.

చివరికి ఆమె ఎదురుచూస్తున్న చోటు వచ్చింది. నేను ఏమీ అనుకోకుండా గడగడా చదువుకుంటూ పోయాను. కాడి అంటే ఎడ్ల మెడ మీద వేసే కర్ర అని రాశాడాయన. బరువు దించి ఊరకే కూర్చోమని యేసు అనలేదనీ, తన కాడిని మెడకెత్తుకోమన్నాడనీ విడమరిచి రాశాడు. రాట్నం ఆగింది.

"కాడంటే, నాగలి కాడా?"

అవునన్నాను. ఆమె తన చేతిలోని కండె వంక చూసుకుంది.

"కూసోనిస్తడనుకున్న" అన్నది మెల్లగా.

నేను గబగబా తర్వాతి మాటలు అందుకున్నాను. కాడి ఒక ఎద్దుకు కాదు, రెండింటికి వేస్తారు, రెండో పక్క ఆయనే ఉండి లాగుతాడు అని ఉంది అందులో. ఆమె పట్టించుకోలేదు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని గూట్లో పెట్టింది. తనకు ఉన్న కాడి ఒక్కటి చాలని, ఇక చదవొద్దని చెప్పి మామ దగ్గరికి లేచి వెళ్ళింది.

ఆ ఆదివారం ఆమె ప్రార్థనకు పోలేదు. ఆ మరుసటి ఆదివారమూ పోలేదు. పాస్టరమ్మ వచ్చి అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పింది. నిజానికి నేను సంతోషించాలి. కానీ నాకు ఆ వ్యాఖ్యానం రాసినాయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఏ ఫ్యాన్ కిందో కూర్చుని రాసుంటాడు. అన్నీ అంత విడమరిచి చెప్పకపోతే ఏం పోయింది? ఆ ఒక్క మాటనూ అర్థం కాకుండా వదిలేస్తే, మా అత్తమ్మకు ఒక ఆశ మిగిలేది.

చలికాలం వచ్చేసరికి నాకు నడుము పట్టేసింది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. అయినా పొద్దున్నే మామను లేపక తప్పదు. వెళ్ళి ఎప్పటిలా మామకు ఎడమ పక్కన నిలబడ్డాను. "నువ్వు ఉత్తగ చెయ్యి ఆనియ్యి" అని అత్తమ్మ బరువంతా తన మీదికి లాక్కుంది. నా భుజం మీద మామ బరువు తెలియనే లేదు. ఆయన్ని కూర్చోబెట్టాక ఆమె గోడకు ఆనుకుని రొప్పుతూ నిలబడింది. కాసేపటికి, ఆ పుస్తకంలో రెండో పక్క ఎవరుంటారని రాశాడని అడిగింది.

"ఆయనే ఉంటాడట అత్తమ్మా."

"ఆయన సంగతి నాకు తెల్వది. నా కాడైతే నువ్వున్నవ్."

ఆ మధ్యాహ్నం తనే గూట్లోంచి పుస్తకం తీసి, దుమ్ము దులిపి నా ముందు పెట్టింది. ఆపినచోటి నుంచి మొదలుపెట్టి, నెమ్మదిగా చివరిదాకా చదివాం. బాప్తిస్మం సంగతి ఆమె ఎత్తలేదు. పాస్టరమ్మా అడగలేదు. చదివిందీ విన్నదీ ఎంతైనా, మామ బరువు మాత్రం తగ్గలేదు.

మామకన్నా ముందే అత్తమ్మ పోతుందని మేమెవరమూ అనుకోలేదు. ఎనభైల నడుమ ఒక ఎండాకాలంలో జ్వరం తగిలి, దవాఖానకు వెళ్ళేలోపే పోయింది. పెద్దకర్మ అయ్యి చుట్టాలంతా వెళ్ళిపోయారు. మా ఆయన పొద్దటి షిఫ్టుకు పోయాడు. మామను లేపాలి.

ఈసారి కుడి పక్కకు, ఆమె పక్కకు వెళ్ళాను. చంక కింద భుజం పెట్టి అలాగే ఉండిపోయాను. ఎందుకు లేవడం లేదో కాసేపు నాకే తెలియలేదు. ఆమె మాట కోసం చూస్తున్నాను. అప్పుడు మామ ఎడమ చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకుని, ముద్ద మాటతో "పట్టు" అన్నాడు. మొదటిసారి లేవలేకపోయాం. రెండోసారి లేచాం. ఆయన ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను.

ఆయనకు తినిపించి వచ్చి రాట్నం పక్కన కూలబడ్డాను. గూట్లో నీలం అట్ట కనబడుతోంది. ఆ రాసినాయన చదువుకున్న మనిషి, తప్పు రాసి ఉండడు. అయినా ఆ ఒక్కచోట ఆయన రాసింది తప్పు కావాలని, మా అత్తమ్మ విన్నదే ఒప్పు కావాలని నాకు బలంగా అనిపించింది. యేసు తన కాడ ఆమెను కూర్చోనివ్వాలి. అక్కడ ఎవరూ ఆమెను ఆ పక్క పట్టమనకూడదు.