వెలిగించని ఎనిమిదో దేగ్

మాచర్లలో వలీమా పెట్టుకోవాలంటే ముందు తేదీ చూడరు, వంటమాస్టరు దావూద్‌కి తీరికుందా అని చూస్తారు. వలీమా అంటే నిఖా అయ్యాక పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇచ్చే విందు. అందులో బిర్యానీ కుదిరితే కోడలు కాలుపెట్టిన వేళ మంచిదంటారు, కుదరకపోతే మామ పిసినారి అంటారు. ఇంతమంది పరువు మోసే మనిషి కదా, ఏ పహిల్వానో అనుకునేరు. యాభై ఎనిమిదేళ్ల బక్కప్రాణి. భుజాన గళ్ల తువ్వాలు, నోట్లో వక్కపలుకు, మాట్లాడితే నాలుగు మాటలు. ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పేస్తాడు. దేగ్ అంటే నలుగురు పడితే గాని కదలని రాగి పాత్ర. అలాంటిది ఒకటి ఎక్కిస్తే వందమంది తింటారు. ఎంతమంది వస్తారో, ఎన్ని దేగ్‌లు ఎక్కించాలో, ఈ రెండు లెక్కల్లో దావూద్ తప్పిన రోజు లేదని ఊరంతా అంటుంది.

అలాంటి మనిషికి పోయినేడు గుండెలో స్టెంటు వేశారు. ఇంటికొచ్చినప్పటి నుంచీ భయం పట్టుకుంది. చావంటే కాదు, చచ్చాక అడిగే ప్రశ్నలంటే. శుక్రవారం జుమ్మా నమాజుకి పోతే మసీదులో మౌలానా ఆ సంగతే చెప్పాడు. ఆయుష్షు దేనికి ఖర్చుపెట్టావు, సొమ్ము ఎట్లా సంపాదించావు, దేనికి పోశావు, ఇవి చెప్పిందాకా తీర్పు రోజున మనిషిని అడుగు కదపనివ్వరట. విన్నవాళ్లందరూ తలలూపి, ఇళ్లకు పోయి సుబ్బరంగా భోంచేశారు. దావూద్‌కి మాత్రం ముద్ద దిగలేదు.

"ఏందయ్యా, మౌలానా నిన్నొక్కణ్ణే లేపి అడిగాడా ఏంది?" అంది భార్య మైమూనా.

ఆవిడ నవ్వింది గాని అతనికి నవ్వు రాలేదు. అంతకు ముందు నెలే చిలకలూరిపేటలో ఒక పెళ్లికి వండి, చేతులు కడుక్కుందామని హాలు వెనక్కి పోయాడు. అక్కడ గుంట తీసి ఉంది. అందులో ప్లేట్లకు ప్లేట్లు బిర్యానీ, కొరకని ముక్కలు, మెతుకు చెదరని అన్నం. తెల్లారుజామున లేచి తను వండిన అన్నమే. ముప్పై ఏళ్లు పొగలో కళ్లు పోగొట్టుకుని తను చేసిందంతా ఇట్లా గుంటల్లోకే పోయిందా? రేపు అడిగితే ఏమని చెప్పాలి? ఆ గుంట అతని నిద్ర చెడగొట్టింది.

సరిగ్గా ఇలాంటి అదనులో నూర్ మొహమ్మద్ కబురు పెట్టాడు. బోరు లారీల ఆసామి. కొడుకు ఫహీమ్ వలీమా.

"ఎనిమిది దేగ్‌లు ఎక్కించు దావూద్ భాయ్."

"ఏడు చాలు భాయ్. నువ్వు పిలిచినోళ్ల పట్టీ చూశాగా. ఏడొందలకి మించి రారు."

"రాకపోతే పారబోస్తాం. తగ్గిందనుకో, నా పరువేంగావాల? నా ఇంట్లో ఎప్పుడు తగ్గుద్దా అని చానామంది కాచుక్కూచున్నారు."

పారబోస్తాం అన్న మాటకి దావూద్‌కి ఆ గుంట గుర్తొచ్చింది. నా వల్ల కాదని అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. తలూపాడు. నోరు వాడాల్సిన చోట వాడకపోతే తర్వాత ఎంత తిప్పలవుతుందో చూడండి.

వలీమా రోజు పొద్దున ఫంక్షన్ హాలు వెనక ఎనిమిది పొయ్యిలు పేర్చారు. మటన్ అంతటికీ పెరుగు, మసాలా, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించారు. ఏడు దేగ్‌ల్లో మాంసం పరిచి, మీద సగం ఉడికిన బియ్యం వేసి, మూతల అంచులకు మైదాపిండి మెత్తి దమ్‌కి పెట్టారు. ఎనిమిదో దాని దగ్గరికొచ్చేసరికి దావూద్ చెయ్యి ఆగిపోయింది.

"ఆ మాంసం టబ్బులో ఐసు మీద పెట్టించు. పొయ్యి వెలిగించమాక," అన్నాడు.

ఇరవై ఏళ్లుగా అతని దగ్గర పొయ్యిలు చూసే యోబు అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఇదేంది మాస్టారూ? ఆయన ఎనిమిదన్నాడుగా!"

"చూద్దాం. జనం ఎక్కువొస్తే అప్పుడు వెలిగిద్దాం. రాకపోతే మాంసం, బియ్యం సాయంత్రం ఆయన ఇంటికే పంపి, నేనే జరిగింది చెప్తా."

"చెప్పే దాకా ఆయన ఊరుకోవాలిగా. చూశాడంటే మన ఇద్దరి తోలు తీసి ఆరేస్తాడు."

చేసింది మంచో చెడో దావూద్‌కే తెలియడం లేదు. వృథా కాకూడదన్నది మంచిదే. కానీ సరుకు తనది కాదే! ఒకరు నమ్మి చేతిలో పెట్టిన సొమ్ములో చెప్పకుండా తన ఇష్టం నడిపించడాన్ని ఏమంటారు? ఒక పాపం తప్పించుకోబోయి ఇంకో పాపంలో కాలుపెట్టానా అని లోపల ఒకటే పీకులాట. దానికి తోడు ఏప్రిల్ ఎండ. ఐసు కరిగిందాకే ఆ మాంసానికి గడువు. బొప్పాయి పట్టిన ముక్క ఎక్కువసేపు ఆగదు, పీచులా అయిపోతుంది. అప్పుడు పారబోసిన పాపం కూడా తన ఖాతాలోనే.

పన్నెండున్నరయింది. దేగ్ దిగడానికి గంటన్నర పడుతుంది. ఇప్పుడు వెలిగిస్తే రెండింటికి అందుతుంది, ఇది దాటితే అందదు. యోబు దూరం నుంచి కళ్లతోనే అడిగాడు. దావూద్ వద్దని తలాడించాడు. ఒక బంతి లేచింది, ఇంకో బంతి కూర్చుంది. తలుపు సందులోంచి తలలు లెక్కపెడుతున్నాడు. మళ్లీ మొదటి నుంచి పెడుతున్నాడు. ఒంటిగంటకి నూజెండ్ల నుంచి పెళ్లికూతురి తరఫు బస్సు దిగింది. యాభై మంది అనుకుంటే పిల్లాజెల్లాతో డెబ్బై మంది. దావూద్ స్టెంటు వేసిన చోట చెయ్యి పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"యా అల్లా, నా కోసం కాదు, ఆ పిల్లోడి వలీమాలో మాట రానీయమాక," అని పైకే అనేశాడు.

మాట రాలేదు. రెండుంబావుకి ఆఖరి బంతి కూర్చునేసరికి ఏడో దేగ్‌లో సగముంది. అడిగినవాళ్లకి అడిగినంత వేశారు. చివరి మనిషి చెయ్యి కడుక్కునేసరికి ఏడో దేగ్ అడుగున గరిటె గీరుకుంది. వెనక గుంటలో ఎముకలు, నిమ్మతొక్కలు తప్ప మెతుకు లేదు. దావూద్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ముప్పై ఏళ్లలో గుంట నిండని మొదటి విందు! నూర్ మొహమ్మద్ నలుగురు వియ్యాలవారిని వెంటేసుకుని వచ్చి భుజం తట్టాడు. "చూశారా మా దావూద్ లెక్క! అచ్చుగుద్దినట్టు సరిపోయింది."

ఆ మాటకి దావూద్ తల వంచుకున్నాడు. ముఖం కడుక్కుని చెబుదామని వెనక కుళాయి దగ్గరికి పోయాడు.

అక్కడ అంట్లు తోమే ఆడవాళ్లు పదకొండు మంది గోడ నీడలో కూర్చుని ఉన్నారు. పొద్దున ఏడింటికి వచ్చినవాళ్లు. పక్కన మూతల స్టీలు బకెట్లు, క్యారేజీలు, అన్నీ ఖాళీవే. వాళ్లలో పెద్దది ఏసుమణి, యోబుకి వరసకు అత్త. ఆమె తోమిన ఏడో దేగ్‌ని ఎండకి బోర్లించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"మీరింకా తినలా?" అన్నాడు దావూద్.

"ఏం తినేది అన్నా? దేగ్‌ల్లో ఏం మిగల్లేదుగా. మేం ఎప్పుడూ మిగిలిందేగా తినేది. ఇయ్యాల మిగల్లా, అంతే." కోపంగా అనలేదు ఆమె. ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పింది.

దావూద్ ఆ ఖాళీ బకెట్ల వైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా ఈ బకెట్లు చూస్తూనే ఉన్నాడు. విందయ్యాక దేగ్‌ల అడుగున మిగిలింది వాళ్లు తిని, ఇంటికి పట్టుకుపోవడం మాచర్లలో ఎవరూ చెప్పకుండానే నడిచే పద్ధతి. ప్లేట్లలో వదిలింది గుంటకి, పాత్రల్లో మిగిలింది వీళ్లకి. అతను మాత్రం రెండింటినీ ఒకే కుప్ప చేసి వృథా అని పేరు పెట్టాడు. గుంట నుంచి తప్పించాననుకున్నాడు. తప్పించింది ఈ పదకొండు బకెట్ల నుంచి.

పరుగులాంటి నడకతో పోయి టబ్బు మూత తీశాడు. ఐసు నీళ్లయింది గాని చల్లదనం పోలేదు. ముక్క వాసన చూశాడు. బాగానే ఉంది. ఇంకో గంటైతే ఉండదు.

"వెలిగించేద్దాం మాస్టారూ. వీళ్ల కోసమని ముందే అనుకున్నామంటే సరి, ఎవరికి తెలుస్తది?" అన్నాడు యోబు.

"అది నాది కాదురా యోబూ. అడక్కుండా ఒకసారి చేసినందుకే ఇంత దాకా వచ్చింది."

హాల్లో నూర్ మొహమ్మద్ వియ్యంకుడి పక్కన సోఫాలో కూర్చుని పాన్ నములుతున్నాడు. దావూద్ పక్కకు పిలవాలనుకున్నాడు, చెప్పేసింది మాత్రం అందరి ముందే.

"భాయ్, నేను ఏడే వండా. ఎనిమిదోది ఆపేశా. నీకు చెప్పలా."

నూర్ మొహమ్మద్ నమలడం ఆపాడు. "ఏందీ?"

"వృథా అవుద్దని భయపడ్డా. కానీ బయట పదకొండు మంది తినకుండా కూచున్నారు, అంట్లు తోమేవాళ్లు. వాళ్లకీ, వాళ్ల ఇళ్లకీ సరిపోను ఇప్పుడు వెలిగిస్తా. సరుకు నీది, నువ్వు ఊ అంటేనే."

వియ్యంకుడు చూపు పక్కకి తిప్పుకున్నాడు. నూర్ మొహమ్మద్ ముఖం ఎర్రబడింది. అరుస్తాడనుకున్నారు అందరూ. అతను లేచి దావూద్‌కి దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"పరువు కోసం ఎనిమిదన్నా, నిజమే. పారబోస్తానన్నా, అదీ నిజమే. కానీ ఉన్నోళ్లు తిని పేదోళ్లు పస్తున్న వలీమా ఎంత చెడ్డదో నీకు తెలీదా? నా బిడ్డ వలీమాని అట్టా చేశావు గదయ్యా! పో, వెలిగించు. మళ్లీ నా గడపలో పొయ్యి పెట్టమాక."

దావూద్ పొయ్యి దగ్గరికి పోయి యోబు చేతిలోని అగ్గిపెట్టె అందుకున్నాడు.

దేగ్ దిగేసరికి అయిదైంది. పదకొండు మందిలో నలుగురు అప్పటికే లేచి వెళ్లిపోయారు. ఊరి బయట ఇంకో హాల్లో రాత్రి విందుకి తోమాలట, ఆటో వచ్చేసింది. వాళ్ల బకెట్లు యోబు పక్కన పెట్టించాడు, నింపి రాత్రికి ఇళ్లకు చేర్చడానికి. మిగిలిన ఏడుగురినీ దావూద్ లోపల బల్లల దగ్గర కూర్చోబెట్టాడు. తనే గరిటె పట్టుకుని వడ్డించాడు. మూత తీయగానే లేచిన ఆవిరి వాసనకి ఏసుమణి కళ్లు మెరిశాయి. ఎప్పుడూ చల్లారిన అడుగన్నమే తప్ప ఆమె ఈ వాసన దగ్గర్నుంచి చూసింది లేదు.

"మాకోసమని ఒక దేగ్ ఎక్కించావా అన్నా! నీ కడుపు సల్లగుండ. ఇట్టా ఎవురు జేస్తారు?" అంది.

ఊ అంటే సరిపోయేది. ఆ దీవెన పుచ్చుకుని గుండె మీద వేసుకుంటే ఆ రాత్రికి నిద్రన్నా పట్టేది. దావూద్ గరిటె కింద పెట్టాడు.

"కాదక్కా. మీకోసమని కాదు. ఎంతమందికి వండాలో లెక్కేసినప్పుడు మిమ్మల్ని మర్చిపోయా."

ఏసుమణి ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"ఇయ్యాలొక్క రోజేనా అన్నా?" అని అడిగి, వేడివేడి ముద్ద నోట్లో పెట్టుకుంది.