‘పక్కకు పెడ్త’ అన్న జవాబు

పదవీ విరమణకు ఏడాది ముందు, జూన్‌లో, నన్ను ఐటీఐ నుంచి శంషాబాద్ దగ్గరి ఒక విమాన విడిభాగాల కర్మాగారానికి డిప్యుటేషన్‌పై పంపారు. అప్పటికి నేను ట్రైనింగ్ ఆఫీసర్ని. ఆ కర్మాగారం తనిఖీ విభాగంలోకి కృత్రిమ మేధతో పనిచేసే కెమెరాలు వస్తున్నాయి. ప్రభుత్వ విధానం ప్రకారం పాత తనిఖీదారులకు ముందు నైపుణ్య పరీక్ష పెట్టాలి. నెగ్గినవారు కెమెరాలను పర్యవేక్షిస్తారు. తప్పినవారు ప్యాకింగ్‌కు పోతారు, జీతమూ తగ్గుతుంది.

పరీక్ష పెట్టేది కూడా యంత్రమే. తెలుగులో ప్రశ్న అడిగి, నోటితో చెప్పిన జవాబును ఒప్పు, తప్పు నమూనా జవాబులతో పోల్చి మార్కు వేస్తుంది. ఆ నమూనాలు రాసింది నేను. నా చదువు ఐటీఐ వరకే. కృత్రిమ మేధ గురించి తెలిసిందంతా గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. ఆ పని నాకే ఇచ్చారని గర్వంగా ఉండేది.

తప్పినవారి జాబితాలో తొండుపల్లి యాదమ్మ పేరు చూసి నిర్ఘాంతపోయాను. పన్నెండేళ్లుగా తనిఖీ బల్ల దగ్గర ఉన్న మనిషి. కంటికి ఆనని పగులును వేలితో తడిమి చెప్పేది. రికార్డు తెరిచాను. లోపమున్న భాగం కనిపిస్తే ఏం చేస్తారన్నది ప్రశ్న. ‘పక్కకు పెడ్త’ అన్నది ఆమె జవాబు. ‘లోపాన్ని పట్టించుకోరు’ అని యంత్రం రాసుకుంది. భద్రత ప్రశ్న కాబట్టి అదొక్కటి పోతే పరీక్ష పోయినట్టే.

ఆమెను పిలిచి, పక్కకు పెట్టడమంటే ఏమిటని అడిగాను.

“ఎర్ర డబ్బాల ఏసుడు సార్. చెడ్డ పీసును మంచిదాంట్ల కలుపుతరా ఎవలన్న? గిన్ని పుస్తకాలు సదివిన్రు, గిది తెల్వదా?”

నమూనాలు తీసి చూశాను. తప్పు జవాబుల ఉదాహరణల్లో మొదటిదే ‘పక్కన పెడతాను’. ఉపేక్షించడం అన్న అర్థం నిఘంటువులో చూసుకుని మరీ రాశాను. మిగతావారి రికార్డులూ తెరిచాను. మరో ఏడుగురు అదే మాటతో తప్పారు.

“యంత్రం పొరపాటని రాసేయండి సార్, ఎవరూ అడగరండీ,” అన్నారు కర్మాగారం పర్సనెల్ మేనేజరు.

నివేదికలో పొరపాటు నాదేనని నా పేరే రాశాను. నమూనాలన్నీ తనిఖీ బల్ల దగ్గర చదివి వినిపిస్తే యాదమ్మ ఇంకో నాలుగు మాటలు దిద్దించింది. మళ్లీ పెట్టిన పరీక్షలో ఎనిమిదిమందీ నెగ్గారు.

ఆ తర్వాత ఏ నమూనా జవాబునూ ఆ పని చేసేవాళ్లకు వినిపించకుండా యంత్రానికి ఇవ్వలేదు. మొదటి పరీక్షలోనూ యంత్రం నేను నేర్పినట్టే మార్కులు వేసింది.